పొగ చూరిన చిప్ప

మా ఆయన పేరు ఇమ్మానుయేలు. ఊళ్లో ఎవరూ ఆ పేరంతా పలికేవాళ్లు కాదు, చెలమల ఇమ్మాని అనేవాళ్లు. బెళుగుప్ప దాటి హగరి ఏటి వైపు పోతే మా ఊరు వస్తుంది. ఏరు అని పేరే గాని, నేను కాపురానికి వచ్చిన పదమూడేళ్లలో అందులో నీళ్లు పారడం రెండుసార్లే చూశాను. మిగతా రోజులన్నీ ఇసుకే. ఎండాకాలం గాలి లేస్తే ఆ ఇసుక మా గడప దాకా వస్తుంది, అన్నంలో పంటికి తగులుతుంది. ఆ ఇసుకలోనే చోటు చూసి గుంట తీస్తే అడుగున నీరు ఊరుతుంది. దాన్ని చెలమ అంటాం. గుంట తీయడం ఎవరికైనా వచ్చు. ఎక్కడ తీయాలో తెలిసిన మనిషి ఊరికంతా ఆయన ఒక్కడే.

చెప్పులు విడిచి ఇసుక మీద నిదానంగా నడిచేవాడు. అరికాలికి తెలుస్తుందట. ఒకచోట ఆగి "ఈడ" అనేవాడు. మొదట చేతులతో తోడేవాడు, తడి తగిలాక టెంకాయ చిప్పతో. ఆ చిప్ప ఆయన సొంతం, ఎవరికీ ఇచ్చేవాడు కాదు. టెంకాయ కొట్టినప్పుడు కళ్లు లేని సగం ఏరుకుని, బండ మీద మూడు రోజులు అంచు అరగదీసి చేసుకున్నాడు. కళ్లున్న సగం కారిపోతుంది, పనికిరాదు. మొదట ఊరిన నీళ్లు మట్టిగా ఉంటాయి. అవి చల్లేసి, తేట నీళ్లు ఊరేదాకా ఆ పక్కనే ఇసుకలో తువ్వాలు మొహం మీద వేసుకుని పడుకునేవాడు. మా దగ్గర ఒక బిందెకు గంట పట్టేది.

"లేచి చూడప్పా, ఊరినాయేమో" అని నేనంటే, "నీళ్లకు సిగ్గెక్కువే. మనం చూస్తాంటే రావు, పండుకుంటే వస్తాయి" అనేవాడు.

చెలమలతో కడుపు నిండదు గదా. ఆయన బతుకుతెరువు బోరు బండి. రాయదుర్గం నుంచి గుత్తి దాకా ఆ బండి తిరగని ఊరు లేదు. రైతు టెంకాయ కొట్టి, అగరొత్తులు ముట్టించి, దండం పెట్టుకుని నిలబడతాడు. మిషను దిగుతూనే ఉంటుంది. ఎనిమిది వందలు, తొమ్మిది వందలు, వెయ్యి అడుగులు. పైకి వచ్చేది తెల్లటి రాతి దుమ్మే. ఆ దుమ్ములో పదేళ్లు పనిచేశాడు. ఇంటికి వచ్చినప్పుడు కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి.

మా అత్త అంజనమ్మ వాకిట్లోనే నిలేసేది. "ఏంరా, సున్నం కొట్టిన గోరీ మాదిరి వచ్చినావు."

"ఇంగా బతికే ఉండాను లేమ్మా. కూడు పెట్టి చూడు, తెలుస్తాది" అనేవాడు ఆయన.

ఆయన కడుపులో ఉండగానే మా మామ పోయాడు. అత్త ఒక్కతే కూలికి పోయి పెంచింది. మాకు పిల్లలు నిలవలేదు. ఇద్దరు పుట్టి పోయారు. ఇంట్లో మేం ముగ్గురమే.

రెండేళ్ల కిందట బోరు బండి యజమాని బండి అమ్మేశాడు. ఎనిమిది నెలలు ఆయనకు పని లేదు. అప్పుడు వీరేష్ వచ్చాడు. వీరేష్ మా ఊరివాడే, అదే బండి మీద ఆయన కింద పని నేర్చుకున్నాడు, నన్ను వదినా అంటాడు. అరుణాచల్‌లో ఎక్కడో మంచుకొండల కింద పెద్ద వంతెన కడుతున్నారని, బోరు పని తెలిసినవాళ్లు కావాలని చెప్పాడు.

"ఆడ నీళ్ల కోసం కాదన్నా. స్తంభం నిలబెట్టేదానికి రాయి ఎంత లోతులో ఉండాదో చూసేదానికి బోరు వేస్తారంట."

"నీళ్లు పడితే?"

"పడితే తిట్టుకుంటారంట."

ఆయన గోడకు ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వాడు. అంతగా నవ్వడం చాలా కాలానికి చూశాను. "పదేళ్లు రాయి పడితే తిట్లు తింటిమి. ఇంగ నీళ్లు పడితే తిట్లు తింటాం. మా రాత ఎట్లుండాదో చూడే" అన్నాడు. పోయేటప్పుడు రెండు జతల బట్టలు, బైబిలు, ఆ చిప్ప సంచిలో పెట్టుకున్నాడు. "అంత నీళ్లుండే చోట ఇదెందుకురా" అని అత్త అంటే, "చేతికి అలవాటమ్మా" అన్నాడు.

అక్కడ ఫోను అందదు. ఆదివారం ఆదివారం కొండ కొంచెం ఎక్కి చేసేవాడు. ఆయన చెప్పేవి నేను అత్తకు చెప్పేదాన్ని. మబ్బులు కిందుగా ఉంటాయట, మనుషులు పైన ఉంటారట. ఇళ్లు వెదురుతో, నేల తాకకుండా గుంజల మీద కట్టుకుంటారట. వడ్లు పోసుకునే కొట్టాలు ఊరి బయట ఉంటాయట, వాటికి తాళం ఉండదట. ఒక పశువుందట, ఎనుమూ కాదు, ఎద్దూ కాదు, ఎవరూ కట్టెయ్యరు, అడవిలో తిరుగుతుంది, చేతిలో ఉప్పు చూపిస్తే ఇంటికి వస్తుందట. "నీ మాదిరే" అన్నాడు నాతో. "ఉప్పు చూపిస్తే ఇంటికి వచ్చేది నువ్వు, నేను కాదు" అన్నాను. పైఊరి ముసలామె ఒకామె తనకు రోజూ అన్నం పెడుతుందని కూడా చెప్పాడు.

జూన్ నెల మొదటి ఆదివారం ఫోను చేసినప్పుడు గొంతు నీరసంగా ఉంది.

"కడుపులో బాగలేదే. కొండ నీళ్లు వచ్చే గొట్టం మన్ను విరిగి పడి పగిలింది. ఏటి నీళ్లు తాగుతాండాం. మట్టి మట్టి ఉండాయి."

"ఏటి పక్కన ఇసక ఉండాదంటివి గదా. చెలమ తీసుకోలేవా? ఊరికంతా తీసిచ్చినోనివి."

ఆయన నవ్వాడు. "నాకు తట్టనే లేదు చూడు" అన్నాడు.

అదే ఆయన నాతో ఆఖరుగా మాట్లాడింది. తర్వాతి ఆదివారం వానకు ఫోను కలవలేదు. ఆ పై గురువారం వీరేష్ చేశాడు. అన్నను ఏరు తీసుకుపోయింది వదినా అన్నాడు. పోలీసులు, ఆ ఊరి మగవాళ్లు ఆరు రోజులు వెతికారు. దొరకలేదు.

మా ఊళ్లో ఈ మాట ఎవరికీ తలకెక్కలేదు. మాకు తెలిసిన చావులు వేరే. ఎండదెబ్బ, పాము, పురుగుల మందు, జ్వరం. ఏట్లో కొట్టుకుపోవడం మేమెరగం. అత్త అసలు ఏడవలేదు.

"హగరి ఇసకలో పొర్లి పెరిగినోడు నీళ్లల్లో చచ్చేదేందే. ఎవురన్నా నమ్మేమాటేనా? వాడు యాడో ఉంటాడు."

అయ్యగారు, అంటే మా పాస్టరు, ఇంటికి వచ్చి ప్రార్థన చేశారు. శరీరం దొరకకపోతే ఆయన వాడిన వస్తువేదైనా పెట్టెలో పెట్టి భూస్థాపన చేసుకుందాం, గోరీ కట్టుకుందాం అన్నారు. నేను చొక్కా తీశాను. అత్త నా చేతిలోంచి లాక్కుంది.

"ఇంట్లో ఉండే చొక్కా పూడిస్తే ఇంట్లో ఉండేటోన్ని పూడ్చినట్ల. ఆడ చచ్చింటే ఆడి నుంచి గుర్తు తే. నా కండ్లతో చూసి అప్పుడు ఏడుస్తా. అప్పుడు పూడ్చండి."

నవంబరులో సమాధులకు సున్నాలు కొట్టే రోజు వచ్చింది. ఆ సాయంత్రం ప్రతి ఇంటివాళ్లూ తమ గోరీ దగ్గర కొవ్వొత్తులు వెలిగించి నిలబడతారు. మామ గోరీ మట్టి దిబ్బ, ఎప్పుడో నేలలో కలిసిపోయింది. ఆయనకు గోరీ లేదు. మేమిద్దరం ఎక్కడ నిలబడాలో తెలియక సమాధుల గేటు దగ్గరే కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డాం. మైనం కారి అత్త వేళ్ల మీద పడినా ఆమె కదల్లేదు. ఆ రోజే పోవాలనుకున్నాను. గుర్తు తేవాలి. ఈ ముసలిది ఏడవాలి. ఏడిస్తేనే నేనూ ఏడవగలను.

ఇంకొక మాట కూడా ఉంది. అది అత్తకు చెప్పలేదు, అయ్యగారికి కూడా చెప్పలేదు. చెలమ తీసుకొమ్మని నేను చెప్పిన సంగతి. ఆయన ఎక్కడ ఉండగా ఏరు వచ్చిందో నేను వీరేష్‌ను ఫోనులో అడగలేదు. అడిగితే చెప్తాడని భయం.

డిసెంబరులో వీరేష్ సెలవుకు వచ్చి తిరిగిపోతూ నన్ను తీసుకుపోయాడు. గుత్తిలో రైలెక్కాం, బెజవాడలో మారాం. ఆ పైన ఎన్ని రోజులో లెక్క తప్పింది. అస్సాంలో దిగాక ఒక నది మీద వంతెన దాటాం. బస్సు పోతూనే ఉంది, నీళ్లు అయిపోవడం లేదు. "ఇది సముద్రమా వీరేషూ" అంటే, "నదే వదినా. మన ఏరు పైన కొండల్లో సియాంగ్, ఈడికొచ్చేతలికి బ్రహ్మపుత్ర" అన్నాడు. మన ఏరు అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు.

ఆ రాష్ట్రంలోకి పోవాలంటే పర్మిట్టు కాగితం చూపించాలి. అక్కడి నుంచి రెండు రోజులు జీపులో కొండ అంచు మీద. చూసినవాళ్లు బాగుందంటారు. బాగుంది కూడా. అంత పచ్చదనం నేను బొమ్మల్లో కూడా చూడలేదు. చెట్ల మీద చెట్లు మొలిచి ఉన్నాయి, రాతి మీద నాచు, నాచు మీద పూలు. ఎక్కడ చూసినా నీళ్లు. కొండ మీద నుంచి దారి మీద పడుతున్నాయి. ఊళ్లలో చీల్చిన వెదురు బొంగుల్లోంచి పగలూ రాత్రీ కారిపోతున్నాయి, కింద బిందె కూడా లేదు. ఒకచోట జీపు ఆపితే నేను దిగి ఆ బొంగు కింద రెండు చేతులూ పెట్టాను. తాగడానికి కాదు. ఆపాలని. ట్యాంకరు దగ్గర ఇరవై ఏళ్లు బిందెతో నిలబడిన చేతులు అవి. నీళ్లు చేతుల మీదుగా పొర్లిపోయాయి. నాకు సంతోషం కలగలేదు, కోపం వచ్చింది. ఇన్ని పెట్టుకుని ఇక్కడ ఒక్క మనిషిని ఉంచలేకపోయారా అనిపించింది.

ఆ ఊరి పేరు నా నోటికి తిరగదు. వెదురు, పేము అల్లిన వేలాడే వంతెన దాటి పోవాలి. కింద ఏరు ఆకుపచ్చగా ఉంది. నేను కళ్లు మూసుకుని వీరేష్ చొక్కా పట్టుకుని నడిచాను. ఆయనకు అన్నం పెట్టిన ముసలామె ఇల్లు ఊరి చివర, గుంజల మీద. నిచ్చెన ఎక్కి లోపలికి పోతే నడిమధ్యలో పొయ్యి, దాని పైన వెదురు అటక, అటక మీద మాంసం, మిరపకాయలు పొగకు ఎండుతున్నాయి. గోడకు ఆ ఉప్పు తినే పశువుల పుర్రెలు, కొమ్ములతో. ఆమె కూతురు నడుముకు పట్టీ కట్టుకుని కూర్చుని నల్లని బట్ట మీద ఎర్ర అంచు నేస్తోంది. ఆమె అక్కడి బడిలో టీచరు, హిందీ వచ్చు. ఆమె వీరేష్‌కు చెప్తే, వీరేష్ నాకు చెప్పాడు.

నేనెవరో తెలిశాక ముసలామె నా దగ్గరికి వచ్చి నా అరచేతులు తిప్పి చూసింది. తర్వాత కింద ఏటి వైపు చూపించి ఏదో చెప్పింది.

"ఏమంటాది?"

వీరేష్ తల వంచుకున్నాడు. "పోదాం పా వదినా. ఆడ చెప్తా."

ముసలామె, టీచరు కూడా మా వెంట దిగి వచ్చారు. ఏటి ఒడ్డున ఇసుక తిన్నె తెల్లగా, మెత్తగా, అచ్చం మా హగరి మాదిరే ఉంది. ఈ ఇసుక చూసి ఆయన చెప్పులు విడిచి ఉంటాడు.

"చెప్పు వీరేషూ. యాడ ఉన్నాడు అప్పుడు?"

"మధ్యాన్నం కూడు తిని చెలమ కాడికి వచ్చినాడు. రోజూ వచ్చేటోడు. గొట్టం మూడు దినాలకే బాగుచేసినారు వదినా, మంచి నీళ్లే వస్తాండె. అయినా వచ్చేటోడు. ఇవి మనూరి నీళ్లు మాదిరి ఉండాయిరా అనేటోడు. తీసి, మట్టి నీళ్లు చల్లి, తువ్వాలు మొగాన ఏసుకుని పండుకునేటోడు. ఈడ పండుకునే పనేముండాదన్నా, తీస్తూనే ఊరతాయి గదా అంటే, పండుకుంటేనే వస్తాయిరా అని నవ్వేటోడు. ఆ దినం ఈడ ఎండ. చినుకు లేదు. పైన యాడో కొండల్లో వాన కురిసింది. నేను మిషను కాడుండా. గట్టిగా పిలిచినా. తువ్వాలు తీయలేదు."

ముసలామె మధ్యలో మాట్లాడింది. టీచరు చెప్పింది, వీరేష్ చెప్పాడు. తమ వాళ్లు ఇసుక మీద ఎప్పుడూ పడుకోరట. ఇసుక ఏటి పరుపు, ఎప్పుడైనా వచ్చి తన పరుపు తీసుకుంటుందట. తను పై నుంచి చేతులూపి లెమ్మనేదట. ఆయన కూడా ఆమెకు చేతులూపేవాడట.

"ఈడ చెలమ తీయాలని ఆయనకు ఎట్ల తట్టింది?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"నువ్వే చెప్పినావంట గదా వదినా. అందరికీ చెప్పుకునేటోడు. మా యామె ఈడికి రాకుండానే ఈడ నీళ్లు చూపించింది అని."

నేను కూర్చుండిపోయాను. ఆయన తీసిన చెలమ ఎక్కడుందో చూపించమన్నాను. టీచరు తల అడ్డంగా తిప్పింది. ఆ ఇసుక లేదట. వానాకాలంలో ఆ తిన్నె అంతా పోయింది, ఇది ఆ తర్వాత ఏరు తెచ్చి వేసిన ఇసుక. ఆయన పాదం మోపిన గుప్పెడు ఇసుక కూడా లేదు. అయినా నేను చేతులతో తోడాను. మోచేయి దిగకముందే నీళ్లు వచ్చాయి. తేటగా, చల్లగా, గుంట నిండా. మా ఊళ్లో ఇవి చూస్తే ఆడవాళ్లు ఏడుస్తారు. నేను మళ్లీ ఇసుక తోసి పూడ్చేశాను.

మళ్లీ ఆ గుంజల ఇంటికి వచ్చాక ముసలామె స్టూలెక్కి పొయ్యి మీది అటకలో చెయ్యి పెట్టింది. చిప్ప తీసి నా ఒడిలో పెట్టింది. ఆయన చిప్పే. కళ్లు లేని సగం, అరగదీసిన అంచు. రెండు రోజుల తర్వాత దిగువన చెట్టు వేళ్లకు తగులుకుని కనిపించిందట. చిప్ప తేలింది, మనిషి తేలలేదు. ఆ దేశంలో టెంకాయ కాయదు గనుక ఎవరిదో అందరికీ తెలిసిపోయింది. ఎవరైనా వస్తారని దాచింది. పొగకు నల్లగా నిగనిగలాడుతోంది. వాళ్లు చనిపోయినవాళ్ల దగ్గర నిప్పు ఆరనివ్వరట. ఈయనకు సమాధి లేదు గనుక, తన ఇంట్లో అన్నం తిన్నాడు గనుక, ఏటి గట్టు మీద పది రోజులు నిప్పు పెట్టి కాపలా కాసిందట. నా మనిషికి నేను చేయనిది ఆమె చేసింది. నేను ఆమె కాళ్లు పట్టుకున్నాను. ఆమె చేతులు కట్టెల పొగ వాసన వేశాయి.

గుర్తు దొరికింది. అంతవరకు దేవునికి స్తోత్రం అనుకున్నాను. వీరేష్ అస్సాంలో నన్ను రైలెక్కించి వెనక్కి పోయాడు. దోవ పొడుగునా దాన్ని చీర కొంగులో చుట్టి కడుపు దగ్గర పెట్టుకున్నాను. బెజవాడ నుంచి ఫోను చేస్తే అయ్యగారు అన్నీ సిద్ధం చేయించారు. సమాధులు తవ్వే బయ్యన్న గుంత తవ్వి ఉంచాడు. చిన్న పెట్టె చేయించారు. ఇంటికి వచ్చేసరికి వాకిట్లో సంఘం వాళ్లు పది మంది కూర్చుని ఉన్నారు.

అత్త మంచం మీద కూర్చుని చెయ్యి చాపింది. చిప్ప ఇచ్చాను. వేలితో అంచు అంతా తడిమింది. "వానిదే" అంది. ఇప్పుడు ఏడుస్తుంది అనుకున్నాను. ఆమె చిప్పను ముక్కు దగ్గర పెట్టుకుంది. పెట్టుకుని చాలాసేపు అట్లాగే ఉంది.

"పొగ వాసన వస్తాండాది."

"అవునత్తా. ఆడ పొయ్యి మీద..."

"పొయ్యి కాడ ఉండాదా ఇది? ఇంట్లో?"

"ఒక ముసలామె ఇంట్లో. ఆమె దాచి..."

"నల్లంగ ఎక్కింది చూడు పొగ. ఒక దినందా ఇది?" అత్త మొహం వెలిగింది. అటువంటి వెలుగు ఆ మొహంలో నేను ఎన్నడూ చూడలేదు. "వాడు చిప్ప వదిలిపెట్టి యాడికీ పోడు. చిప్ప యాడుంటే వాడాడ. ఎవురో ఇంట్లో, పొయ్యి కాడ ఉండాడు నా కొడుకు. వాడే పంపినాడు ఇది. ఇంగ పెట్టె ఎత్తుకుపోండి మీరు."

అయ్యగారు చెప్పారు. ఆ రోజు ఆదివారం, వీరేష్ ఫోను కలిస్తే మాట్లాడించారు. ఆమె వినలేదు. అందరూ లేచి పోయారు. అప్పుడు నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఇంక దాచి ఏం లాభం అనిపించింది.

"అత్తా, నేనే చంపినా. ఫోనులో చెలమ తీసుకో అని నేనే చెప్పినా. నా మాట ఇని ఇసకలో పండుకున్నాడు. ఆడనే పోయినాడు."

తిడుతుందని, కొడుతుందని కాచుకున్నాను. కొడితే బాగుండేది. ఆమె నా తల మీద చెయ్యి వేసింది.

"నీ మాట ఇంటాడు వాడు. అది నాకు తెల్దా? నా మాట యానాడు ఇన్నాడు గాని. మరి ఇంటికి రమ్మని చెప్పు. నువ్వు చెప్తే వస్తాడు."

ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది.

అప్పటి నుంచి రోజూ పొద్దున కాఫీ తాగాక అదే పని. నంబరు నొక్కుతాను. ఈ నంబరు వాడుకలో లేదని ఎవరో ఆడమనిషి చెప్తుంది. అత్త చిప్పను ఒళ్లో పెట్టుకుని నా మొహమే చూస్తూ ఉంటుంది.

"ఏమంటాడు?"

"ఎత్తలేదత్తా."

"పనిలో ఉంటాడు లే" అని చిప్ప కడిగి నీళ్ల కుండ మీద బోర్లిస్తుంది.

నిన్న బయ్యన్న దారిలో కనపడ్డాడు. "ఏమ్మా, ఆ గుంత అట్లనే ఉండాది. హగరి ఇసక గాలికొచ్చి సగం పూడింది. మేకలు దిగుతాండాయి. నేనే పూడ్చేదా?" అన్నాడు.

"ఉండనీ అన్నా" అన్నాను.